పొట్లంలో లేని డ్రైవరు

మూడో సొరుగు కూడా నేల మీద బోర్లించాడు మామగారు.

స్క్రూలు, వాషర్లు, తుప్పు పట్టిన స్ప్రింగులు, కళ్ళు లేని ఎలుగుబంటి తల ఒకటి, రేకు చక్రాలు గది నిండా చెల్లాచెదురయ్యాయి. ఒక చక్రం కోడలి కాలి దాకా దొర్లుకుంటూ వచ్చి, అక్కడ గిరగిరా తిరిగి పడిపోయింది. ఆమె వంగి తీయలేదు.

“డాక్టరు గారు ఎన్నింటికి వస్తానన్నారు?”

“నాలుగింటికి మామయ్యా.”

“ఇప్పుడెంత?”

“మూడూ పది.”

“పొట్లం ఎక్కడ పెట్టావమ్మాయ్?”

పొద్దుటి నుంచి ఈ ప్రశ్న అడగడం ఇది ఐదోసారి. ఐదుసార్లూ ఆమె ఒకే జవాబు చెప్పింది.

“అట్టపెట్టెలో, బస్సు పక్కనే పెట్టాను.”

అది నిజమే. పెట్టింది. అక్కడి నుంచి ఎవరు తీశారో కూడా ఆమెకు తెలుసు. అది ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని నాలుగు రోజులుగా తనకు తానే నచ్చజెప్పుకుంటోంది. నచ్చజెప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టిందంటేనే అది ఎంత నిజమో తెలుస్తోంది.

బల్ల మీద బస్సు ఉంది. జానెడు పొడవు రేకు బస్సు. ఎర్ర ఒళ్ళు, ఆకుపచ్చ పైకప్పు. కీ ఇస్తే ముందుకు కదులుతుంది. కదిలేటప్పుడు లోపలి డ్రైవరు చేతులు స్టీరింగును అటూ ఇటూ తిప్పుతాయి. తిప్పేవి, డెబ్భై ఏళ్ళ కిందట. కళ్ళ డాక్టరు గారు దాన్ని తెచ్చేనాటికి డ్రైవరు మెడ విరిగి తల ఒళ్ళో పడి ఉంది. టంకం పెడితే ఆ వేడికి రేకు మీద అచ్చువేసిన రంగు మాడిపోతుంది, జిగురేమో ఆ చేతుల కదలికకు నిలవదు. అందుకని పాత డ్రైవరును పక్కన పెట్టి, కొత్త రేకు కత్తిరించి, రంగు వేసి, కొత్త డ్రైవరును కూర్చోబెట్టారు.

ఈ ఇంట్లో అలాంటి పనికి రెండు నియమాలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా తప్పనివి.

ఒకటి: బొమ్మలోంచి తీసిన ముక్క, విరిగిన మేకైనా సరే, పొట్లం కట్టి, మీద అదేమిటో రాసి, బొమ్మతోపాటు తిరిగి ఇవ్వాలి. రెండోది: కొత్తగా చేసిన ముక్కకు అడుగున, పైకి కనపడని చోట, మేకు మొనతో రెండు చుక్కలు కొట్టాలి. తను చేసింది తను చేసినట్టు తెలియాలి. పొట్లాల మీద మొదట్లో మామగారి భార్య రాసేది. ఆవిడ పోయాక కోడలు రాస్తోంది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది. మామగారి అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకు డెబ్భై రెండు. ఈ ఇంట్లో ఎవరికీ భయపడని మనిషి ఆవిడ ఒక్కతే.

“ఇల్లంతా తవ్వుతున్నావేంట్రా తమ్ముడూ. కొత్త డ్రైవరొచ్చాడుగా. పాతవాడికి పింఛనిచ్చి పంపించెయ్.”

“అక్కా, నువ్వు లోపలికెళ్ళు.”

“వెళ్తాలే. చెప్పి వెళ్తా. విరిగిన ముక్క. కుక్క కూడా ముట్టదు. అది పోతే ఏం పోయింది?”

మామగారు నేల మీదనుంచి లేవలేదు. అక్కడే కూర్చుని, చేతిలోని స్ప్రింగును చూస్తూ చెప్పాడు.

“కొత్త ముక్క పడితే బొమ్మ విలువ తగ్గుతుంది. అది డాక్టరు గారికి తెలుసు. తెలిసే చేయించుకున్నారు. పాతది పొట్లంలో ఉందనుకో, రేపు నాకన్నా పనిమంతుడెవడైనా దాన్ని అతికించి మళ్ళీ కూర్చోబెడతాడు. ఆ దారి తెరిచి ఉంటుంది. పొట్లం పోతే దారి మూసుకుపోయింది. అప్పుడది బాగు చేసిన బొమ్మ కాదు. నేను పాడు చేసిన బొమ్మ.”

“ఆడుకునే వస్తువుకి ఇంత శాస్త్రమా?”

“ఆడుకున్నవాళ్ళు పోయారుగా. ఇక మిగిలింది శాస్త్రమే.”

ఆవిడ కోడలి వంక చూసింది. చూపు కాస్త ఎక్కువసేపే ఉంది.

“ఏమ్మా, నువ్వేంటి ముఖం అలా పెట్టావు? డ్రైవరు నీకేమైనా మేనమామా?”

కోడలు నవ్వబోయింది. రాలేదు. ఆవిడ ఇంకేమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కత్తి మళ్ళీ మొదలైంది. టక్, టక్, టక్.

ఆ డ్రైవరు మేనమామ కంటే ఎక్కువే. పదకొండు రోజులు అతని ముఖం చూస్తూ కూర్చుంది. కుడివైపు మీసం అరిగిపోయింది. ఎడమ కంటి కింద గింజంత గీత. టోపీ అంచున రంగు పెచ్చు లేచింది. భూతద్దం కింద ఆ ముఖాన్ని చూసి చూసి, మూడు వెంట్రుకల కుంచెతో కొత్త రేకు మీద దించింది. మామగారి చేతులు వణకడం మొదలై ఏడాది దాటింది. బయట పేరు ఆయనది, లోపల చెయ్యి ఈమెది. ఈ సంగతి ఇంట్లోని నలుగురికే తెలుసు.

ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపే ఆమె ఈ ఇంట్లో ఒక మనిషి. బల్ల పోతే మిగిలేది పొయ్యి ఒక్కటే. అదీ ఆమె భయం. దొంగతనం బయటపడుతుందని కాదు, బల్ల పోతుందని. మనుషుల భయాలు ఇలాగే ఉంటాయి.

తప్పు జరిగింది సోమవారం మధ్యాహ్నం. మామగారు రేకు కొనడానికి వెళ్ళాడు. భర్త వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడడు. బల్లంటే అతనికి మంట. కన్న కొడుకుండగా తండ్రి పని నేర్పింది కోడలికి. ఇతని చేతికి ఇచ్చింది చీపురు, టెలిఫోను, ఇళ్ళకు చేరవేయాల్సిన అట్టపెట్టెలు.

“బాగా వచ్చింది,” అన్నాడు ఆ రోజు. ఆరేళ్ళలో మొదటిసారి. “కానీ మరీ కొత్తగా ఉంది. డాక్టరు కళ్ళకు గుచ్చుకుంటుంది. కాస్త పాతగా చెయ్యి. అది నీ చేతికే సాధ్యం.”

ఆమె చేసింది. టీ డికాషన్లో ముంచిన గుడ్డ, గరుకు కాగితం ముక్క, బొటనవేలి కింద ఒక గంట. మీసం అరిగింది. కంటి కింద గీత పడింది. డెబ్భై ఏళ్ళు ఒక్క గంటలో. పూర్తయ్యాక తన పనిని చూసుకుని మురిసిపోయింది కూడా. పొగడ్తకు పడిపోయిన మనిషికి ఎవరు తోసినా ఒకటే.

మర్నాడు పొట్లం లేదు. అడిగితే, “చెత్త. పారేశాను. నువ్వు నోరు మూసుకో,” అన్నాడు. చెత్తను పారేసేవాడు కొత్త చొక్కా కొనుక్కోడు.

ఆ కొత్త చొక్కాతోనే ఇప్పుడు లోపలికి వచ్చాడు.

“ఏంటి నాన్నా ఇదంతా? ఇల్లు దోచుకుపోయినట్టుంది.”

“దోచుకుపోయినట్టే ఉంది. పొట్లం చూశావా?”

“పొట్లం ఎందుకసలు?” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఆ డ్రైవర్ని చూడండి. కొత్తవాడంటే ఎవడైనా నమ్ముతాడా? చివరికి పాతవాడికే మెడ అతికించగలిగామని చెప్పేద్దాం. డాక్టరు సంతోషిస్తాడు. ముక్క మార్చలేదంటే బస్సు విలువ అలాగే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు.”

మామగారు లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా. బల్ల దగ్గరికి వచ్చి, అద్దాలు సరిచేసుకుని, బస్సు కిటికీలోంచి డ్రైవర్ని చూశాడు. రంగు వేసినరోజు చూశాడు, అంతే. ఆ తర్వాత ఇదే చూడటం.

చాలాసేపు చూశాడు.

“దీన్ని ఎవరు అరగదీశారు?”

కోడలి వైపు తిరిగాడు.

“అమ్మాయ్. నిన్నే.”

“నేనే మామయ్యా.”

“ఎందుకు?”

ఆమె భర్త వంక చూసింది. అతను చొక్కా చేతి గుండీ సరిచేసుకుంటున్నాడు.

“మరీ కొత్తగా ఉందని... అనిపించింది.”

“కొత్తది కొత్తగా ఉండక ఎలా ఉంటుంది?” ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేదని ఆమెకు అనిపించింది. “సరే. అడుగున చుక్కలున్నాయిగా. అబద్ధం ముఖం మీదే ఉంది, ఒంట్లో లేదు. తీసి చూపించు. నా చేతికి పట్టకారు నిలవదు.”

ఆమె పట్టకారు తీసుకుంది. డ్రైవరు సీటు కింద చిన్న నాలుకలాంటి రేకు ఉంటుంది. దాన్ని నిటారుగా ఎత్తి, పైకి లాగింది. డ్రైవరు బయటికి వచ్చాడు. చుక్కలు ఉంటాయన్న ధైర్యంతోనే లాగింది. తను చేసింది ముఖం మీద మోసం మాత్రమే, అడుగున నిజం అలాగే ఉంది, దొరికినా అంతవరకే దొరుకుతాను అనుకుంది.

తిప్పి చూసింది.

రెండు చుక్కలు ఉండాల్సిన చోట రేకు తళతళా మెరుస్తోంది. ఆకురాయి పెట్టి రుద్దిన గీతలు, అడ్డదిడ్డంగా, పని తెలియని చేతివి.

ముక్కను బల్ల మీద పెట్టింది. మామగారు భూతద్దంతో వంగాడు. వంగినవాడు మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది.

“నా గుర్తు చెరిపేశావా?”

“నేను కాదు మామయ్యా.”

“ఈ ఇంట్లో ఆకురాయి పట్టేది నువ్వూ నేనూ. నేను పట్టలేను.”

“ముఖం అరగదీసింది నేనే. ఒప్పుకుంటున్నాను. చుక్కలు ముట్టుకోలేదు.”

“మరి ఎవరు?”

ఆమె మళ్ళీ భర్త వంక చూసింది. ఈసారి అతను కూడా చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. నోరు తెరిస్తే ఏమవుతుందో చెప్పే చూపు అది. ఆమె తల దించుకుంది.

“ఏవండీ,” అంది నేలను చూస్తూ. “మీరు చెప్పండి.”

“నేనేం చెప్పను? బల్ల దగ్గర కూర్చునేది నువ్వు. నాకు చీపురు తప్ప ఏం తెలుసు ఈ ఇంట్లో?” లేచాడు. “చూశారా నాన్నా? పరాయి పిల్లకి పని నేర్పితే ఇంతే. మీ పేరు మీకే లేకుండా రుద్దేసింది.”

కోడలికి ఏడుపు రాలేదు. చలి వేసింది. ఆరేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఇంత సులువుగా తనను కిందికి తోసేయగలడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఇంకా ఎంత లోతు ఉందో తెలియదు. ఆ లోతంటేనే భయం.

మామగారు కొడుకు చేతుల వంక చూశాడు. ఎడమ బొటనవేలికి గుడ్డపట్టీ ఉంది. ఆకురాయి జారితే సరిగ్గా అక్కడే తెగుతుంది. చూశాడు, ఏమీ అనలేదు. కన్న కొడుకు వేలు కనుక అనలేదో, అప్పుడే గుమ్మం దగ్గర గంట మోగింది కనుక అనలేదో.

నాలుగు కాలేదు. మూడూ ముప్పావు.

కళ్ళ డాక్టరు గారు ఎప్పుడూ ముందే వస్తారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. గొంతు మెత్తన. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ముఖం కాదు, నేరుగా కళ్ళలోకి చూస్తారు, రెప్ప ఎత్తి చూడబోతున్నట్టు. కోడలికి ఆ అలవాటంటే మొదటినుంచీ భయమే.

“ఏమ్మా, కళ్ళు అలా ఎర్రబడ్డాయి? నిద్రలేదా?”

“ఉల్లిపాయలండీ,” అంది.

“ఉల్లిపాయలు వంటింట్లో తరుగుతున్నారు, నువ్వు ఇక్కడున్నావు,” అని నవ్వారు. నేల మీది సొరుగులు చూశారు. వాటి గురించి ఏమీ అడగలేదు. చంకలోని అట్టపెట్టెను బల్ల మీద పెట్టారు.

“నా బస్సు తర్వాత చూద్దాం మేస్త్రీ. ముందు ఇది చూడండి.”

మూత తీశారు.

లోపల ఇంకో బస్సు. అదే జానెడు పొడవు, అదే ఎర్ర ఒళ్ళు, అదే ఆకుపచ్చ పైకప్పు.

“ఈ ఊళ్ళో ఇలాంటిది రెండోది ఉంటుందని నేననుకోలేదు. బజారులో పాత వస్తువులమ్మే షోరూమాయన దగ్గర దొరికింది. ఒక్క ముక్క మార్చలేదట. ఒక్క చోట రంగు వేయలేదట. నా దాంట్లో డ్రైవరు కొత్తవాడేగా, ఇది కూడా ఉంటే బాగుంటుందనిపించింది. అయినా అతని మాట మీద నేను కొనను. మీరు అసలుదని ఒక్క మాటంటే కొంటాను.”

“షోరూమాయన ఏమన్నాడు?”

“సరేనన్నాడు. మీ ఇంట్లో ముందే చూశారటగా.” డాక్టరు గారు జేబులోంచి కాగితం తీసి మడత విప్పారు. “మీ అబ్బాయి సంతకం. ‘పాత బొమ్మల నిపుణుడు’ అని ముద్ర కూడా ఉంది. బాగుంది ముద్ర.”

భర్త ఎప్పుడు లేచాడో, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో రంగు లేదు. షోరూమాయన ఆ బస్సు ఎక్కడో దూరాన అమ్ముతానని చెప్పి ఉంటాడు. అలాంటివి కొనే మనిషి ఊరంతా కలిపి ఒక్కడే ఉంటాడని, ఆ ఒక్కడూ ఈ గుమ్మమే ఎక్కుతాడని ఇతనికి తట్టలేదు. ముద్ర చేయించుకున్నాడు కానీ పని నేర్చుకోలేదు.

మామగారు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు. భూతద్దం తీసుకున్నాడు. ఆ చెయ్యి డాక్టరు గారి ముందే వణికింది. ఏడాదిగా ఆ గదిలో దాచిన చెయ్యి. ఆయన దాన్ని దాచుకోలేదు.

“డాక్టరు గారూ, మీకో సంగతి చెప్పాలి. ఈ ఏడాదిగా మీ బొమ్మలు నేను చేయలేదు. ఈ చేతులు పోయాయి. కళ్ళు కూడా సగం పోయాయి. చూసేదీ, చేసేదీ ఈ అమ్మాయి. మీకు చెప్పకపోవడం నా తప్పు.”

“చేతులు నేను గమనించాను,” అన్నారు డాక్టరు గారు మెల్లగా.

“అయితే మాట కూడా ఆమే చెప్పాలి.” భూతద్దాన్ని కోడలి ముందు పెట్టాడు. “చూడమ్మా. చూసింది చెప్పు.”

అది నమ్మకమో శిక్షో ఆమెకు అర్థం కాలేదు. ఆయన ముఖంలో వెతికింది. అక్కడ ఏమీ దొరకలేదు.

“దానికేం తెలుసు నాన్నా?” గోడ దగ్గర్నుంచి భర్త గొంతు. ఆమె వైపు తిరిగాడు. “నువ్వు లోపలికెళ్ళి టీ పెట్టు. నేను చూస్తాను.”

“టీ నేను పెడతాలేరా అబ్బాయ్,” అంది వంటింట్లోంచి అతని మేనత్త. “నువ్వు అక్కడే నిలబడు. గోడ పడిపోకుండా.”

కోడలు స్టూలు మీద కూర్చుంది. తన స్టూలు. బస్సును దీపం కిందికి జరిపింది.

పైకప్పు రంగులో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది. వెనక చక్రాలు రెండూ వేరే బస్సువి, అంచులు మందం. ఇరుసు కొత్త తీగ. మూడు చచ్చిన బస్సులను కలిపి ఒకటి చేశారు. చేసినవాడు తొందరపడ్డాడు.

అప్పుడు కిటికీలోంచి లోపలికి చూసింది.

కుడివైపు మీసం అరిగిపోయింది. ఎడమ కంటి కింద గింజంత గీత. టోపీ అంచున పెచ్చు లేచింది. మెడ చుట్టూ జిగురు, సన్నగా, తేనె రంగులో.

డ్రైవరు ఆమెనే చూస్తున్నాడు. పదకొండు రోజులు చూసినట్టే.

ఇతను ఒక్కడు చాలు, అంతా అసలుదని నమ్మించడానికి. అందుకే కావాల్సి వచ్చాడు. అసలుదేనని ఒక్క మాటంటే చాలు: బస్సు అమ్ముడవుతుంది, కాగితం నిజమవుతుంది, భర్త మిగులుతాడు. బల్ల కూడా మిగలొచ్చు. కాదంటే, ఈ డ్రైవరు ఎక్కడివాడో చెప్పాలి. చెప్తే ఇంట్లో దొంగ ఎవరో చెప్పినట్టే. తను అరగదీసిన రెండోవాడు పక్కనే బల్ల మీద బోర్లా పడి ఉన్నాడు, మెరిసే అడుగుతో.

“తొందరేం లేదమ్మా,” అన్నారు డాక్టరు గారు. “చాలామందికి అద్దాలు రాశాను నేను. నిజంగా కనపడ్డవాళ్ళు వెంటనే చెప్పరు.”

ఆయనకు తెలుసా? తెలిసే తెచ్చారా? ఆ మెత్తని గొంతులోంచి ఏమీ పట్టుకోలేకపోయింది.

భూతద్దం పక్కన పెట్టింది. అరచేతులు చీరకు తుడుచుకుంది.

“పైకప్పు మళ్ళీ రంగు వేసిందండీ. వెనక చక్రాలు దీనివి కావు. ఇరుసు కొత్తది.” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇందులో అసలుది ఒక్కటే ఉంది.”

వంటింట్లో టీ గిన్నె చప్పుడు ఆగిపోయింది.

“ఏది?” అడిగారు డాక్టరు గారు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

ఆమె వీపు వెనక గుమ్మం గడియ కదిలింది. భర్త బయటికి వెళ్ళడానికి తీశాడో, ఎవరూ వెళ్ళకుండా లోపల వేశాడో ఆమె తిరిగి చూడలేదు. అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వినిపించలేదు.

మామగారు పట్టకారును ఆమె వైపు జరిపాడు.

ఆమె తీసుకుని, కిటికీలోంచి లోపలికి పోనిచ్చి, దాని మొనను డ్రైవరు మెడ మీద ఆనించింది.